పనిచేసే చేతికి ఆలోచించే హక్కు: ఎజైల్ జట్ల వెనక వందేళ్ల చరిత్ర



మీలో చాలామంది మరికొన్ని సంవత్సరాలలో ఏదో ఒక కార్యాలయంలోనో, కర్మాగారంలోనో, ఆసుపత్రిలోనో, ప్రయోగశాలలోనో ఒక జట్టులో సభ్యులవుతారు. సాఫ్ట్‌వేర్ రంగంలో చేరేవారికి మొదటి వారంలోనే 'ఎజైల్', 'స్క్రమ్', 'స్ప్రింట్', 'కోచ్' అనే మాటలు వినిపిస్తాయి. రోజూ పదిహేను నిమిషాలు జట్టంతా నిలబడి మాట్లాడుకోవడం, గోడమీద వరుసగా అంటించిన చీటీలు, రెండు వారాలకొకసారి సమీక్ష ఇవన్నీ కొత్తగా అనిపిస్తాయి. ఎవరో కంప్యూటర్ నిపుణులు ఈమధ్య కనిపెట్టిన పద్ధతులివి అనుకోవడం సహజం.

నిజానికి వీటి వెనక వందేళ్లకు పైబడిన ఒక వాదం ఉంది. పని ఎలా చేయాలో ఎవరు నిర్ణయించాలి? పనిచేసేవారా, పక్కన నిలబడి చూసేవారా? ఈ ప్రశ్నకు మనం చెప్పుకొనే జవాబును బట్టే జట్టుకు శిక్షణ ఇచ్చే మనిషి పాత్ర మారిపోతుంది. ఈ వాదం నడిచిన దారిని, అందులో మన దేశానికి ఉన్న చోటును ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం.

ఆలోచన ఒకరిది, పని మరొకరిది

అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ 1911లో శాస్త్రీయ నిర్వహణ సూత్రాలపై ఒక పుస్తకం ప్రచురించాడు. ప్రతి పనినీ చిన్న చిన్న కదలికలుగా విడగొట్టాలి, స్టాప్‌వాచ్‌తో కొలవాలి, అన్నిటికన్నా మంచి పద్ధతిని నిపుణుడు నిర్ణయించాలి, కార్మికుడు దాన్ని పాటించాలి. ఇదీ ఆయన వాదన సారాంశం. బెత్లహాం ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మెలు మోసే ఒక కూలీ రోజుకు 12.5 టన్నులకు బదులు 47 టన్నులు మోశాడని టేలర్ రాశాడు. ఆ కూలీ దినవేతనం 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని దాదాపు నాలుగింతలయింది, కూలి మాత్రం రెండింతలు కూడా కాలేదు. ఈ తేడాను మీరే గమనించండి.

1913లో హెన్రీ ఫోర్డ్ హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను ప్రవేశపెట్టాడు. కారు చట్రం బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది. అది సుమారు గంటన్నరకు తగ్గింది. మానవ చరిత్రలో ఇది గొప్ప విజయమే. కానీ అదే ఏడాది ఆ కర్మాగారంలో కార్మికులు మానేసి పోయే రేటు 370 శాతానికి చేరింది. అంటే వంద ఉద్యోగాలను నిండుగా ఉంచడానికి ఏడాదిలో 370 మందిని చేర్చుకోవలసి వచ్చిందన్నమాట. 1914లో ఫోర్డ్ రోజుకు 5 డాలర్ల ఆదాయాన్ని ప్రకటించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. టేలర్ దుర్మార్గుడు కాడు, కొలవకుండా మెరుగుపరచలేమన్న ఆయన మాటలో నిజముంది. లోపం మరొక చోట ఉంది. కొలిచేవాడు వేరు, పనిచేసేవాడు వేరు అయినప్పుడు, పనిలో రోజూ ఎదురయ్యే చిక్కుల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి నోరు మూతపడుతుంది.

బొగ్గు గనిలో కనిపించిన నిజం

రెండో ప్రపంచయుద్ధం తరవాత బ్రిటన్ బొగ్గు గనులను జాతీయం చేసింది. యంత్రాలు పెరిగాయి, కాని ఉత్పత్తి ఆశించినంతగా పెరగలేదు. గైర్హాజరు మాత్రం పెరిగింది. కారణం వెతకడానికి లండన్‌లోని టావిస్టాక్ సంస్థ పరిశోధకుడు ఎరిక్ ట్రిస్ట్, ఒకప్పుడు తానే గని కార్మికుడైన కెన్ బామ్‌ఫర్త్ కలిసి అధ్యయనం చేసి 1951లో ఫలితాలు ప్రచురించారు.

పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు గని కార్మికులు తమకు నచ్చినవారితో జట్టు కట్టి, బొగ్గు కోయడం నుంచి ఎత్తడం దాకా అన్నీ తామే చేసేవారు. కొత్త పద్ధతిలో సుమారు 40 మందిని మూడు షిఫ్టులకు పంచారు. ఒక షిఫ్టు కోస్తుంది, మరొకటి యంత్రాలను జరుపుతుంది, ఇంకొకటి బొగ్గు ఎత్తుతుంది. ఒక షిఫ్టు మిగిల్చిన చిక్కు తరవాతి షిఫ్టు నెత్తిన పడేది. ఎవరి పని వారు సక్రమంగా చేసినట్టే ఉండేది, మొత్తం పని మాత్రం కుంటుపడేది. యంత్రాన్ని, మనుషుల అమరికను విడివిడిగా రూపొందించకూడదు, రెండూ కలిసి ఒకే వ్యవస్థ అని వారు తేల్చారు. దీనికే తరవాత సామాజిక సాంకేతిక వ్యవస్థ అనే పేరు వచ్చింది.

అహ్మదాబాద్ మగ్గాల షెడ్డు

ఈ ఆలోచనకు తొలి గట్టి పరీక్షల్లో ఒకటి జరిగింది మన దేశంలోనే. ఎజైల్ గురించి గంటలకొద్దీ మాట్లాడేవారిలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

సారాభాయ్ కుటుంబానికి చెందిన అహ్మదాబాద్ కాలికో మిల్లుకు 1953లో టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ సలహాదారుగా వచ్చాడు. అక్కడి ఒక షెడ్డులో కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు బిగించారు. యంత్రాలు మంచివే, కార్మికులూ అనుభవజ్ఞులే. అయినా ఉత్పత్తి పెరగలేదు, గుడ్డలో లోపాలు తగ్గలేదు.

రైస్ ముందుగా మనుషుల అమరికను చూశాడు. 224 మగ్గాల మీద 29 మంది, 12 రకాల పనులు చేస్తున్నారు. నేసేవారు 8 మంది. కండెలు నింపేవారు 5 మంది. తెగిన పడుగు పోగులు అతికేవారు 3 మంది. ఇంకా మగ్గం బిగించేవారు, మేస్త్రీలు, గుడ్డ మోసేవారు, నూనె వేసేవారు, ఊడ్చేవారు ఉన్నారు. ఒక్కొక్కరి చేతికింద వేరువేరు సంఖ్యలో మగ్గాలు. లెక్క వేసి చూస్తే ఒక్కొక్క నేతగానికి కండెలు నింపే మనిషిలో ఎనిమిదింట అయిదు వంతులు, పోగు అతికే మనిషిలో ఎనిమిదింట మూడు వంతులు దక్కుతాయి. మనిషిలో ఎనిమిదింట మూడు వంతులతో ఎవరైనా జట్టు కట్టగలరా?

మన చేనేత ఇళ్లను గుర్తుచేసుకోండి. కండె చుట్టే చేయి, పడుగు సరిచేసే చేయి, మగ్గం మీద ఆడే చేయి ఒకే ఇంటివి. పోగు తెగితే ఎవరు లేవాలో ఎవరూ ఆజ్ఞాపించనక్కరలేదు. మిల్లులో పోయినది సరిగ్గా ఇదే.

రైస్ ప్రతిపాదన చాలా సాదాగా ఉంది. కొన్ని మగ్గాలకు కొంతమంది మనుషులు. ఆ మగ్గాల బాధ్యత మొత్తం ఆ కొద్దిమందిదే. 64 మగ్గాలకు 7 గురు జట్టుగా ఏర్పడాలన్నది లెక్క. ఈ మాట మేస్త్రీలతో, కార్మికులతో చర్చకు పెట్టగానే ఎవరూ ఊహించనిది జరిగింది. కార్మికులే దాన్ని తమ ఆలోచనగా తీసుకున్నారు. ఎవరితో ఎవరు ఉండాలన్నది తమలో తాము మాట్లాడుకుని జట్లుగా ఏర్పడ్డారు. వారు ఏ ప్రాతిపదికన ఒకరినొకరు ఎంచుకున్నారో బయటివారికి పూర్తిగా అంతుపట్టలేదు.

మొదటి రోజుల్లో ఉత్సాహం ఎక్కువై వేగం పెరిగింది, గుడ్డలో లోపాలూ పెరిగాయి. తరవాత జట్లు తమ పనిని తామే సరిదిద్దుకున్నాయి. కొంతకాలానికి మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 శాతానికి పెరిగింది. లోపాలున్న గుడ్డ సుమారు 32 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. యంత్రాలు అవే, మనుషులూ వారే. మారినది అమరిక, ఆలోచించే హక్కు.

కథ ఇక్కడితో ముగిస్తే అది ప్రచార కరపత్రమవుతుంది. అదే సంస్థకు చెందిన ఎరిక్ మిల్లర్ 1970లో మళ్లీ ఆ మిల్లుకు వెళ్లి చూశాడు. ఒక షెడ్డులో జట్టు పద్ధతి దాదాపు చెక్కుచెదరకుండా నిలిచింది, ఫలితాలూ బాగానే ఉన్నాయి. మిగిలినచోట్ల అది చాలావరకు కరిగిపోయి పాత పద్ధతే తిరిగి వచ్చింది. బయట నుంచి వచ్చిన మార్పుల తాకిడి జట్టు తట్టుకోగల హద్దు దాటింది. అప్పుడు జట్టుకు రక్షణగా నిలవవలసిన పర్యవేక్షణ మళ్లీ జట్టు పనిలో జోక్యంగా మారింది. ఈ పరిశీలనను మిల్లర్ 1975లో ప్రచురించాడు. జట్టును నిలబెట్టడం ఒక ఎత్తు, అది నిలబడగల పరిస్థితులను ఏళ్ల తరబడి కాపాడటం మరొక ఎత్తు అని ఈ మిల్లు మనకు నేర్పింది.

జపాన్ నుంచి రామచంద్రాపురానికి

ఇదే కాలంలో ఈ ఆలోచన జపాన్‌లో మరో దారిలో పెరిగింది. 1950లో అమెరికా గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ అక్కడి ఇంజనీర్లకు నాణ్యతపై ఉపన్యాసాలిచ్చాడు. టొయోటా కర్మాగారంలో తైచి ఓనో నాయకత్వంలో రూపుదిద్దుకున్న విధానంలో లోపం కనబడితే మామూలు కార్మికుడే తాడు లాగి లైనును ఆపవచ్చు. ఫోర్డ్ లైనులో ఊహించలేని అధికారమిది. 1962లో కవోరు ఇషికావా ప్రోత్సాహంతో నాణ్యతా వలయాలు, అంటే క్వాలిటీ సర్కిళ్లు మొదలయ్యాయి. ఒకేచోట పనిచేసే కొద్దిమంది క్రమం తప్పకుండా కలుసుకుని, తమ పనిలోని సమస్యను తామే ఎంచుకుని, సమాచారం సేకరించి, పరిష్కారం వెతకడం దీని పద్ధతి.

మన దేశంలో ఈ వలయాలకు నాంది పలికినది హైదరాబాద్ శివార్లలోని రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారం. 1980-81 కాలంలో అక్కడ జనరల్ మేనేజరుగా ఉన్న ఎస్.ఆర్. ఉడుప వీటిని ప్రారంభించారు. 1982లో సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభం కావడానికి పదహారేళ్ల ముందు సంగతి ఇది. కంప్యూటర్ జట్లు చేసే సమీక్షను పోలిన పనిని ఈ ప్రాంతపు లేతు, వెల్డింగ్ కార్మికులు అప్పటికే చేసి చూపించారు.

సాఫ్ట్‌వేర్ గదిలోకి

సాఫ్ట్‌వేర్ రంగం మొదట్లో కర్మాగారం పద్ధతినే అనుసరించింది. కావలసినవన్నీ ముందే రాసుకోవాలి, తరవాత రూపకల్పన, తరవాత ప్రోగ్రాం, చివర పరీక్ష. దీనికి వాటర్‌ఫాల్ అని పేరు వచ్చింది. జలపాతంలో నీరు వెనక్కి పోదు కదా! ఈ క్రమాన్ని 1970లో బొమ్మ గీసి చూపిన విన్‌స్టన్ రాయ్స్, దీన్ని ఉన్నదున్నట్టు అమలుచేస్తే ప్రమాదమని అదే వ్యాసంలో హెచ్చరించాడు. బొమ్మ ప్రచారమైంది, హెచ్చరిక మరుగున పడింది.

1986లో జపాన్ పండితులు తకెయుచి, నొనాకా హోండా, కెనాన్, ఫ్యూజీ జిరాక్స్ వంటి సంస్థలు కొత్త వస్తువులను తయారుచేసే తీరును పరిశీలించి ఒక వ్యాసం రాశారు. బాటన్ ఒకరి చేతినుంచి మరొకరికి అందించే రిలే పరుగులా కాక, రగ్బీ ఆటలోలా జట్టంతా కలిసి బంతితో ముందుకు సాగాలన్నారు. రగ్బీలోని 'స్క్రమ్' అనే మాట అలా వచ్చింది. 1990లలో జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ దాన్ని సాఫ్ట్‌వేర్ పద్ధతిగా మలిచారు. 1996లో క్రైస్లర్ సంస్థ జీతాల ప్రాజెక్టులో కెంట్ బెక్ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌ను రూపొందించాడు. జట్టులో కోచ్ అనే పాత్రకు అందులో స్పష్టమైన చోటుంది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది కలుసుకుని ఎజైల్ ప్రకటన రాశారు. అందులో 4 విలువలు, 12 సూత్రాలు ఉన్నాయి. చివరి సూత్రం మనకు ముఖ్యం. జట్టు తన పనితీరును క్రమం తప్పకుండా తానే తరచి చూసుకుని మార్చుకోవాలన్నది దాని భావం. రైస్ చూసిన నేతగాళ్లు, రామచంద్రాపురం కార్మికులు చేసినదీ ఇదే. విజ్ఞానశాస్త్రం చదివేవారికి ఇది ఫీడ్‌బ్యాక్ వలయం అని వెంటనే తెలుస్తుంది. ఫలితం తిరిగి మూలానికి చేరితేనే వ్యవస్థ తనను తాను సరిదిద్దుకుంటుంది.

కోచ్ చేసే పని ఏమిటి?

'కోచ్' అనే మాట హంగరీలోని కోచ్ అనే గ్రామం పేరునుంచి వచ్చింది. అక్కడ తయారైన గుర్రపు బండ్లకు ఆ పేరు. 1830ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పరీక్ష గట్టెక్కించే ట్యూటరును సరదాగా అలా పిలిచారు. తరవాత ఆ మాట ఆటల్లోకి, అక్కడినుంచి కార్యాలయాల్లోకి వచ్చింది. బండి మనిషిని మోసుకుపోతుంది. మంచి కోచ్ మాత్రం జట్టును మోయడు, జట్టు తన కాళ్ల మీద నడిచేలా చూస్తాడు.

ఎలా? ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక జట్టు వారానికి సగటున 3 పనులు పూర్తిచేస్తుంది. మొదలుపెట్టి చేతిలో ఉంచుకున్న పనులు 12. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం చేతిలో ఉన్న పనుల సంఖ్యను పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక పనికి సగటున పట్టే కాలం వస్తుంది. 12ను 3తో భాగిస్తే 4 వారాలు. మామూలు మేనేజరు "ఇంకా వేగంగా చేయండి" అంటాడు. కోచ్ బోర్డు ముందు నిలబడి "ఒకేసారి ఎన్ని పనులు పట్టుకున్నాం? ఏది ఎక్కడ ఆగింది?" అని అడుగుతాడు. కొత్తది ఎత్తుకునే ముందు పాతది ముగిద్దామని జట్టు నిర్ణయించుకుని చేతిలో 6 మాత్రమే ఉంచుకుంటే, అదే వేగంతో సగటు కాలం 2 వారాలకు తగ్గుతుంది. ఎవరూ అదనంగా ఒక్క గంట కూడా పనిచేయనక్కరలేదు. జవాబు జట్టు నోటినుంచే వచ్చింది కనుక అది నిలుస్తుంది.

ఏ సమయంలో ఏమి చెప్పాలన్నదీ ముఖ్యమే. రిచర్డ్ హాక్‌మన్, రూత్ వేజ్‌మన్ 2005లో జట్టు శిక్షణపై ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. పని మొదలయ్యేటప్పుడు ఉత్సాహం, ఉమ్మడి లక్ష్యం గురించి మాట్లాడాలి. సగం దారిలో పద్ధతి మార్చాలా అని ఆలోచింపజేయాలి. ముగిసిన తరవాత ఏం నేర్చుకున్నామో చర్చించాలి. అంతకుముందు, 2001లో ప్రచురించిన జిరాక్స్ సంస్థ అధ్యయనంలో 43 జట్లను పరిశీలించి వేజ్‌మన్ మరో మాట చెప్పింది. స్పష్టమైన లక్ష్యం, సరైన సభ్యులు, తగిన వనరులు ఉన్న జట్టుకే శిక్షణ బాగా పనికొస్తుంది. జట్టు అమరికే తప్పయితే ఎంత మంచి కోచ్ వచ్చినా ఫలితం కొద్దిపాటిదే. ఎనిమిదింట మూడు వంతుల మనిషి ఇక్కడ మళ్లీ గుర్తుకు రావాలి.

మూడో విషయం భయం. ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రులలో మందుల పొరపాట్లను అధ్యయనం చేసింది. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఊహించింది. లెక్కలు తిరగబడ్డాయి. మంచి జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆ జట్లలో పొరపాటును బయటికి చెప్పడానికి భయం లేకపోవడమే ఇందుకు కారణమని ఆమె గ్రహించింది. 1999లో ఒక తయారీ సంస్థలోని 51 జట్లపై చేసిన అధ్యయనంలో, తోటివారి ముందు భయం లేకుండా మాట్లాడగల జట్లే ఎక్కువ నేర్చుకుంటాయని చూపింది. కోచ్ "తప్పెవరిది?" అని అడిగిన రోజున సమీక్ష సమావేశం ఆగకపోవచ్చు, నిజం చెప్పడం మాత్రం ఆగిపోతుంది.

కొలబద్ద కొరడా అయినప్పుడు

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి చెప్పుకోవాలి. ఎజైల్ జట్లు ఒక్కొక్క పనికి దాని కష్టాన్ని బట్టి పాయింట్లు వేసుకుంటాయి. ఒక స్ప్రింట్‌లో పూర్తయిన పాయింట్ల మొత్తాన్ని 'వెలాసిటీ' అంటారు. వచ్చే రెండు వారాల్లో ఎంత పని ఒప్పుకోవచ్చో అంచనా వేసుకోవడానికి జట్టు తనకోసం పెట్టుకున్న కొలత ఇది. పైవారు దాన్ని తీసుకుని "ఆ జట్టు 40 చేసింది, మీరు 30 చేశారేం?" అని అడగడం మొదలుపెడితే ఏమవుతుంది? నిన్న 3 పాయింట్లున్న పనికి ఈరోజు 5 వేస్తారు. అంకె పెరుగుతుంది, పని పెరగదు. కొలతను లక్ష్యంగా మారిస్తే అది కొలతగా పనికిరాదన్న ఈ నియమానికి బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు పెట్టారు. ద్రవ్య విధానం గురించి ఆయన 1975లో చెప్పిన మాట ఇక్కడికీ వర్తిస్తుంది.

అలాగే రోజూ జరిగే పదిహేను నిమిషాల సమావేశం ఒకరికొకరు చెప్పుకోవడానికి ఉద్దేశించినది. అందరూ మేనేజరు ముఖం చూసి హాజరు పలికినట్టు చెబితే, అది ఎజైల్ పేరుతో టేలర్ స్టాప్‌వాచ్ తిరిగి రావడమే. కాలికో మిల్లులో జట్లు కరిగిపోయినది కూడా ఒక్క రోజులో కాదు. ఒక్కొక్క నిర్ణయం జట్టు చేతినుంచి జారి పైకి వెళుతూ పోయింది.

మీరు ఏం చేయగలరు?

ఉద్యోగం వచ్చేదాకా ఆగనక్కరలేదు. సైన్స్ ఫెయిర్‌కో, చివరి ఏడాది ప్రాజెక్టుకో మీరు అయిదారుగురు జట్టు కడతారు. మొదటి రోజునే ఏం సాధించాలో ఒక్క వాక్యంలో అందరూ ఒప్పుకునేలా రాసుకోండి. మొదలైన పనులన్నీ ఒక అట్టమీద కనబడేలా పెట్టండి, ఒకేసారి ఎక్కువ ఎత్తుకోకండి. సగం గడువు అయ్యాక ఒక గంట కూర్చుని పద్ధతి మార్చాలా అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, జట్టులో తక్కువ మాట్లాడే మనిషి ఏమంటాడో విన్న తరవాతే నిర్ణయం తీసుకోండి. చిక్కు ఎక్కడుందో బహుశా అతనికే తెలిసి ఉంటుంది.

రేపు మీలో కొందరు మేనేజర్లవుతారు, కోచ్‌లవుతారు. అప్పుడు మీ చేతిలో కొలతలుంటాయి, అధికారం ఉంటుంది. పనిచేసే చేతినుంచి ఆలోచనను వేరుచేయడం చాలా తేలిక, మళ్లీ కలపడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. వందేళ్ల ఈ చరిత్ర మనకు చెప్పేది ఇదే.

ఆలోచించండి

1. ఫోర్డ్ కర్మాగారంలో ఉత్పత్తి పెరిగినా కార్మికులు నిలవకపోవడానికి కారణాలేమిటి?

2. కాలికో మిల్లులో యంత్రాలు మారకుండానే ఫలితం ఎలా మారింది? ఆ మార్పు అన్ని షెడ్లలో ఎందుకు నిలవలేదు?

3. మీ జట్టు చేతిలో 10 పనులున్నాయి, వారానికి 2 పూర్తవుతున్నాయి. ఒక పనికి సగటున ఎంత కాలం పడుతుంది? వేగం పెంచకుండా ఆ కాలాన్ని సగానికి తగ్గించాలంటే ఏం చేయాలి?

4. మీ తరగతిలో మార్కులు కొలతగా ఉన్నాయా, కొరడాగా ఉన్నాయా? మీ మిత్రులతో చర్చించండి.